కారణం గడిలో దేవుడి పేరు

1998లో ఒక రాత్రి, నేను కొత్తగా చేరిన కంప్యూటర్ రూములో డిస్కు పోయింది. నైట్ డ్యూటీలో నేనొక్కణ్ణే. చేరి నాలుగు నెలలు కూడా కాలేదు. స్క్రీన్ మీద ఎర్రర్ లైన్లు ఆగకుండా పడిపోతుంటే మా సీనియర్ పెద్దాయనకు ఫోన్ చేశాను. వస్తున్నానన్నాడు. ఆయన వచ్చేలోపు కొంచెం పనిమంతుడిలా కనిపిద్దామని మెషిన్ ఆపి, స్పేర్ డిస్కు బిగించి, బ్యాకప్ టేపు డ్రైవులోకి తోసి, కమాండ్ టైపు చేసి పెట్టుకున్నాను. ఇక ఎంటర్ కొట్టడమే మిగిలింది. వేలు ఆ బటన్ మీద ఆనించి, కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ వరసపెట్టి పిలవడం మొదలుపెట్టాను. చాలామందే ఉన్నారు. చాలాసేపే పట్టింది.

వెనక నుంచి గొంతు వినపడింది.

“దండం అయిపోయిందా? అయితే ఆ టేపుకి రైట్ ప్రొటెక్ట్ పెట్టావో లేదో చూడు.”

పెట్టలేదు. టేపు బయటికి తీశాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే క్యాసెట్. దాని అంచున చిన్న ప్లాస్టిక్ మీట ఉంటుంది. గోరుతో అటు జరిపితే ఇక ఆ టేపు మీద ఎవరూ రాయలేరు, చదవడమే. చేతులు వణుకుతుంటే రెండుసార్లు జారింది. ఈలోగా పెద్దాయన నా భుజం మీదుగా స్క్రీన్ చదివాడు. ఏమీ అనలేదు. వేలితో ఒక అక్షరం చూపించాడు.

నేను టైపు చేసింది టార్ కమాండ్, వాడినవాళ్ళకి అర్థమవుతుంది. టేపులో ఉన్నదాన్ని బయటికి తీయాలంటే ‘ఎక్స్’ అని కొట్టాలి. డిస్కులో ఉన్నదాన్ని టేపు మీదికి ఎక్కించాలంటే ‘సి’. నేను ‘సి’ కొట్టాను. రోజూ రాత్రి బ్యాకప్ తీసే అలవాటులో వేలు అటే పోయింది. ఎంటర్ కొట్టి ఉంటే, ఖాళీ డిస్కుని తీసుకెళ్ళి మాకున్న ఒకే ఒక్క మంచి బ్యాకప్ మీద రాసి ఉండేవాణ్ణి.

తెల్లారాక రిజిస్టర్ రాయాలి. అందులో గడులు ఉండేవి: సమయం, ఏం జరిగింది, ఏం చేశారు, కారణం. చివరి గడిలో నేను వణుకు తగ్గని అక్షరాలతో ‘దేవుడి దయ వల్ల డేటా దక్కింది’ అని రాశాను. పెద్దాయన ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేశాడు.

“ఈ గడిలో ఎవరి పేరు రాస్తే, రేపు మళ్ళీ ఇదే జరిగినప్పుడు వాళ్ళని పిలిచి అడగాలయ్యా. ఆయన వస్తాడా? ఏం జరిగిందో రాయి.”

అప్పుడు రాశాను: కమాండ్‌లో తప్పు అక్షరం; టేపుకి రైట్ ప్రొటెక్ట్ లేదు; ఎంటర్ కొట్టకముందే రెండో మనిషి చూడడంతో నష్టం తప్పింది.

నా అసలు సిగ్గు తప్పు అక్షరం గురించి కాదు. కళ్ళు మూసుకుని దొరికిపోయినందుకు. ఇంజనీరన్నవాడు దేవుణ్ణి గుమ్మం బయట వదిలి లోపలికి రావాలని, వదల్లేకపోతే కనీసం జేబులో దాచుకోవాలని అప్పట్లో నాకో అభిప్రాయం ఉండేది. ఎవరూ చెప్పలేదు, నాకు నేనే కట్టుకున్నాను. పెద్దాయన నన్ను తిట్టడమంటూ జరిగితే దేవుడి గురించే తిడతాడనుకున్నాను. ఆ మాట ఆయన మళ్ళీ ఎత్తనే లేదు. వారం తర్వాత తెలిసింది, ఆయన రోజూ పొద్దున కుర్చీలో కూర్చోగానే రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంటాడని. ఏ దేవుడో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు.

ఆ గదిలో మేము ఐదుగురం. ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, అంత కలగాపులగం గుంపు నాకు మళ్ళీ దొరకలేదు.

భాయ్ నెట్‌వర్క్ చూసేవాడు. యూపీఎస్ రూములో కేబుల్ డ్రమ్ము వెనక ఆయన నమాజు చాప చుట్టి ఉండేది. బ్యాటరీల గదిలోకి పని లేకుండా ఎవరూ రారు, ప్రశాంతంగా ఉంటుందనేవాడు. మేడమ్ డేటాబేస్ మనిషి. ఆదివారం పొద్దున చర్చిలో పాడేది, ఆ మూడు గంటలు తప్ప వారంలో ఎప్పుడు పిలిచినా వచ్చేది. ఇక మా హేతువాది. ప్రోగ్రాములన్నీ వాడివే. దేవుడు లేడని చెప్పడానికి వాడికి సందర్భం అక్కర్లేదు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా అక్కడి నుంచి మొదలుపెట్టగలడు. నా టేపు కథ విన్నాక వాడు రెండు రోజులు తెగ ఆనందపడ్డాడు. “చూశావా, నువ్వు మొక్కుతూ కూర్చున్నావు, రక్షించింది పెద్దాయన కన్ను” అని.

భాయ్ ఊరుకోలేదు. “వాడు మొక్కకపోయి ఉంటే, పెద్దాయన వచ్చేలోపే ఎంటర్ కొట్టేసేవాడు. ఆపింది ఏమిటి మరి?”

ఇది నిజం. నాకే తట్టలేదు. హేతువాది ఒక్క క్షణం తెల్లబోయి, తేరుకుని, అది యాదృచ్ఛికమన్నాడు. భాయ్ నవ్వాడు. ఈ పంచాయితీ నెలల తరబడి నడిచింది. చివరికి ఒకరోజు పెద్దాయన విసుగెత్తి తేల్చేశాడు: “వాడు ఆగాడు. కారణం అది. ఎందుకు ఆగాడన్నది వాడి సొంత వ్యవహారం, రిజిస్టర్‌కి అనవసరం.” తర్వాత ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘ఎంటర్ కొట్టే ముందు ఆగు. రెండో మనిషికి చూపించు’ అని రాసి కన్సోల్ పైన అంటించాడు. తర్వాత కాలంలో నేను పనిచేసిన ప్రతిచోటా ఆ రూలు ఏదో ఒక పేరుతో ఉంది.

వీళ్ళిద్దరూ శత్రువులనుకునేరు. భాయ్ నమాజు వేళలు లెక్కకట్టే ప్రోగ్రామ్ ఒకటి సొంతంగా రాసుకున్నాడు. దాన్ని సరిచేసింది ఎవరనుకున్నారు? ఆ కథ చెప్పాలి.

నమాజు వేళలంటే గోడ మీద అంటించిన పట్టిక అనుకునేవాణ్ణి నేను. అదంతా ఖగోళశాస్త్రమే. మధ్యాహ్నం తర్వాత వచ్చే వేళకి నీడ పొడవు కొలత. తెల్లవారుజాము వేళకి సూర్యుడు దిగంతం కింద ఎన్ని డిగ్రీల్లో ఉన్నాడో తెలియాలి. 18 డిగ్రీలని కొందరు, 15 అని కొందరు లెక్కిస్తారు. దాంట్లో అక్షాంశం, రేఖాంశం, ఆ రోజు సూర్యుడి క్రాంతి (అంటే భూమధ్యరేఖకి ఎంత ఉత్తరానో, దక్షిణానో ఉన్నాడన్నది), గడియారానికీ సూర్యుడికీ ఉండే తేడా, అన్నీ వేసి ఒక ఆర్క్ కొసైన్ తీస్తే సమయం వస్తుంది. భాయ్ అదంతా చక్కగా రాశాడు. మా దగ్గర బాగా పనిచేసేది. దూరంగా ఉత్తరాన ఉండే బంధువు అడిగాడని అక్కడి అక్షాంశం ఇస్తే, జూన్ నెలలో ప్రోగ్రామ్ సమయానికి బదులు ‘నాట్ ఎ నంబర్’, అంటే ఇది అంకే కాదు, అని ఇచ్చింది.

హేతువాది ఆ మధ్యాహ్నమంతా తన పని మానేసి దాని మీదే కూర్చున్నాడు. కాగితం మీద భూమి గీశాడు, వంపు గీశాడు, సూర్యుణ్ణి గీశాడు. సాయంత్రానికి కేక పెట్టాడు: “ఒరేయ్, నీ కోడ్‌లో తప్పు లేదు! అక్కడ సూర్యుడు అంత కిందికి దిగనే దిగడు!” నిజమే. సుమారు 48.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటితే, జూన్ మూడో వారంలో సూర్యుడు అర్ధరాత్రి కూడా దిగంతం కింద 18 డిగ్రీలకు చేరడు. కొసైన్ విలువ ఉండాల్సిన హద్దు దాటిపోతుంది. లేని వేళకి లెక్క అడిగితే కంప్యూటర్ మాత్రం ఏం చెబుతుంది? మరి అలాంటి చోట ఏం చేస్తారని వాడు అడిగాడు. దానికి పండితులు చెప్పిన పద్ధతులు రెండు మూడున్నాయని, రాత్రిని భాగాలు చేసి లెక్కించడం వాటిలో ఒకటని భాయ్ చెప్పాడు. “ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ రాసి పెట్టుకున్నారన్నమాట” అన్నాడు హేతువాది, మెచ్చుకోలుగా. మామూలు లెక్క పనిచేయని చోట ఏం చేయాలో ముందే రాసిపెట్టడాన్ని ప్రోగ్రామర్లు అలా అంటారు. వాడు ఒక మతం గురించి మెచ్చుకోలుగా మాట్లాడడం నేను విన్నది అదొక్కసారే. దేవుణ్ణి ఒప్పుకోలేదు, ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్‌ని ఒప్పుకున్నాడు.

వాడికి ఇంకో తలనొప్పి ఉండేది. వాడు రాసేది పెర్ల్ భాషలో. ఆ భాష చేసిన లారీ వాల్ గట్టి క్రైస్తవుడు. భాషాశాస్త్రం చదివింది కూడా, లిపి లేని భాషలకు అక్షరాలు కూర్చి బైబిల్ అనువదిద్దామని. ఆరోగ్యం కలిసిరాక ఆ దారి మానేశాడు. 1987లో విడుదల చేసిన ఈ భాషకి బైబిల్లోని అమూల్యమైన ముత్యం కథని మనసులో పెట్టుకునే ‘పెర్ల్’ అని పేరు పెట్టాడు. అందులో ఒక డేటాని ఫలానా తరగతికి చెందిన ఆబ్జెక్టుగా మార్చాలంటే వాడే మాట ‘బ్లెస్’. అంటే దీవించు. మా హేతువాది రోజుకి ముప్పైసార్లు ఆ మాట టైపు చేసేవాడు. “ఈ రోజు ఎన్ని దీవెనలయ్యాయి స్వామీ?” అని మేడమ్ అడిగేది. వాడు పళ్ళు కొరికేవాడు.

ఆవిడ మీద వాడు ప్రతీకారం తీర్చుకోబోయి దెబ్బతిన్నాడు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో వెనక నడిచే ప్రోగ్రాముల్ని డీమన్లంటారు కదా. “మీ సర్వర్ నిండా దయ్యాలే మేడమ్” అన్నాడు. ఆవిడ తాపీగా, ఆ పేరు 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో వాళ్ళు భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహించిన డీమన్‌ని చూసి పెట్టుకున్నదని, వేడి అణువుల్నీ చల్లటి అణువుల్నీ వేరు చేసే ఊహా జీవి అదని, ఆ మాక్స్‌వెల్ పరమ భక్తుడని చెప్పింది. కేంబ్రిడ్జిలో ఆయన కట్టించిన కావెండిష్ ప్రయోగశాల తలుపు మీద చెక్కి ఉన్నది కూడా ఒక కీర్తన వాక్యమే, లాటిన్‌లో. దేవుడి పనులు గొప్పవి, వాటిలో ఆనందం పొందేవాళ్ళు వాటిని శోధిస్తారు అని భావం.

ఇలాంటి వాదనల్లో రామానుజన్ పేరు రాకుండా ఉండదు. వచ్చేది. నామగిరి అమ్మవారు సూత్రాలు చెప్పేదని ఒకరు, అన్ని మతాలూ దాదాపు సమానంగానే నిజమనిపిస్తాయని ఆయన తనతో అన్నట్టు గణిత శాస్త్రవేత్త హార్డీ రాశాడని ఇంకొకరు. ఆ చర్చ ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు కాబట్టి ఇక్కడా ఆపేస్తాను.

భాయ్ దగ్గర మాత్రం ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. విద్యుదయస్కాంత బలానికీ బలహీన కేంద్రక బలానికీ మూలం ఒకటేనని చూపించినందుకు 1979లో ముగ్గురికి నోబెల్ వచ్చింది: గ్లాషో, వైన్‌బర్గ్, అబ్దుస్ సలామ్. వైన్‌బర్గ్ బాహాటంగా నాస్తికుడు. సలామ్ నోబెల్ విందు ప్రసంగంలో కూడా ఖురాన్ ఉటంకించిన మనిషి. ఇద్దరూ విడివిడిగా పనిచేసి ఒకే సిద్ధాంతానికి చేరారు. ఒకరు నమ్మడం, ఒకరు నమ్మకపోవడం ఆ పనిలో ఏ తేడా తేలేదని సలామ్ తనే రాశాడు. “ఇక నువ్వూ నేనూ ఎందుకురా కొట్టుకోవడం?” అనేవాడు భాయ్. హేతువాది దీనికి జవాబు చెప్పలేక టాపిక్ మార్చేవాడు.

ఒకరోజు వాడు ఒక జిరాక్సు కాగితం పట్టుకుని భోజనాల టేబుల్ దగ్గరికి వచ్చాడు. 1998లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పేజీ. అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ సభ్యుల్ని అడిగితే దేవుణ్ణి నమ్మేవాళ్ళు 7 శాతమే తేలారు. “గొప్ప సైంటిస్టులకు దేవుడు లేడు. ప్రూఫ్” అని టేబుల్ మీద కొట్టాడు. పెద్దాయన చదివి, కింద పేర్లు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి తన సొరుగులోంచి ఇంకో కాగితం తెచ్చాడు. అదే పత్రిక, అంతకుముందు ఏడాది. మామూలు సైంటిస్టుల్ని అడిగితే సుమారు 40 శాతం నమ్ముతామన్నారు. 1914లో ల్యూబా అనే మనస్తత్వ శాస్త్రవేత్త అడిగినప్పుడూ దాదాపు అంతే. చదువు పెరిగేకొద్దీ నమ్మకం తరిగిపోతుందని ల్యూబా అంచనా వేశాడట. ఎనభై ఏళ్ళ తర్వాత చూస్తే అంకె ఉన్నచోటే ఉంది. రెండు కాగితాలూ రాసింది ఒకళ్ళే, లార్సన్, విథమ్ అనే ఇద్దరు.

ఇక్కడితో అయిపోతే అది ఎప్పుడూ ఉండే వాదనే. హేతువాది తన 7, భాయ్ తన 40 పట్టుకుని లేవబోతుంటే పెద్దాయన అడిగాడు: “అంకెలు సరే. వాళ్ళని అడిగిన ప్రశ్న ఏమిటి?”

ఎవరూ చూడలేదు. చూశాం. నమ్మకమంటే వాళ్ళ లెక్కలో, ప్రార్థిస్తే జవాబిస్తాడని ఎదురుచూడదగ్గ దేవుడు ఉన్నాడనడం. జవాబంటే మనసుకి కలిగే ఓదార్పు మాత్రం కాదని కూడా ఉంది.

“అయితే నేను లేదనే టిక్కు పెడతాను” అన్నాడు పెద్దాయన.

టేబుల్ దగ్గర ఎవరికీ మాట రాలేదు. రోజూ పొద్దున కళ్ళు మూసుకునే మనిషి. నేనే ఉండబట్టలేక, “మరి రోజూ ఏం అడుగుతారు సార్?” అన్నాను.

“అడగనయ్యా. కూర్చుంటాను, అంతే.”

ఆయన టిఫిన్ డబ్బా మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు. హేతువాది ఆయన్ని తన 93 శాతంలో కలుపుకోవాలా వద్దా అని చాలాసేపు కొట్టుకున్నాడు. మేడమ్ మాత్రం నెమ్మదిగా, తను రెండు రకాల టిక్కులూ పెట్టిన రోజులున్నాయంది. అంతకుమించి చెప్పలేదు.

1999 డిసెంబరు 31 రాత్రి మేము ఐదుగురమూ ఆ గదిలోనే ఉన్నాం. ప్రపంచంలో కంప్యూటర్ రూములన్నీ ఆ రాత్రి అలాగే ఉండి ఉంటాయి. ఏడాదిని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 99 తర్వాత వచ్చే 00ని 1900 అనుకుంటాయని టెన్షన్. ఏడాదిన్నర పాటు ఫైలు ఫైలూ తెరిచి సరిచేశాం. ఇక చెయ్యడానికి ఏమీ లేదు. ఎనిమిదింటి నుంచి పన్నెండింటి దాకా కూర్చోవడమే. ఏసీ హోరు తప్ప చప్పుడు లేదు.

మేడమ్ ఏవో పాత లెక్కలు తీసింది. 2000 లీపు సంవత్సరమా కాదా అని అప్పట్లో ఎంతోమంది ప్రోగ్రామర్లకే అనుమానం. వందతో భాగించబడే ఏడాది లీపు కాదు, కానీ 400తో భాగించబడితే మళ్ళీ లీపే. “మన కోడ్‌లో ఉన్న ఈ రూలు పెట్టించింది పోప్ గ్రెగరీ. ఈస్టర్ తేదీ జరిగిపోతోందని” అంది. 1582లో అక్టోబరు 4 తర్వాతి రోజుని అక్టోబరు 15 చేసి, పది రోజులు మింగేసి మరీ సరిచేశారు. “దాంతో పోలిస్తే మనది చిన్న మైగ్రేషన్.” ఈస్టర్ తేదీ కనుక్కునే లెక్క కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ రాసిన ప్రోగ్రామింగ్ పుస్తకం మొదటి సంపుటంలో ఒక అభ్యాసంగా ఉందని కూడా ఆవిడే చెప్పింది. నూత్ లూథరన్ క్రైస్తవుడు, ఇంట్లో పైపు ఆర్గన్ పెట్టుకున్నవాడు. ఆ సంగతి తెలిశాక హేతువాది తన షెల్ఫులో ఉన్న ఆయన పుస్తకాల వంక ఒకసారి అనుమానంగా చూశాడు.

పదకొండు దాటాక నాకు భయం పట్టుకుంది. ఊరికే ఉండలేక పెద్దాయన్ని అడిగాను, ఆ రోజు రిజిస్టర్‌లో నా వాక్యం ఎందుకు కొట్టేశారని. మీరూ నమ్ముతారు కదా అని.

ఆయన జవాబుగా లెమేత్ర్ గురించి చెప్పాడు. బెల్జియం దేశస్థుడు, క్యాథలిక్ ఫాదరు, భౌతిక శాస్త్రవేత్త. విశ్వం విస్తరిస్తోందని 1927లోనే ఐన్‌స్టీన్ సమీకరణాల్లోంచి తీసి చూపించాడు. 1931లో అంతా ఒక ఆదిమ పరమాణువుతో మొదలైందన్నాడు. ఇప్పుడు మనం బిగ్ బ్యాంగ్ అంటున్నదానికి అదే మొదలు. ఫాదరు కాబట్టి, ఇదంతా సృష్టి కథని సైన్సులోకి తోయడానికేనని కొందరు అనుమానపడ్డారు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఒక ప్రసంగంలో, సృష్టి జరిగిందనడానికి సైన్సే సాక్ష్యం చెబుతోందన్న ధోరణిలో మాట్లాడాడు. మామూలుగా అయితే ఒక ఫాదరుకి అంతకంటే ఏం కావాలి? లెమేత్ర్ హడలిపోయాడు. తన సిద్ధాంతం దేవుడున్నాడనిగానీ లేడనిగానీ చెప్పదని, రేపు అది తప్పని తేలితే అప్పుడు దేవుడు కూడా తప్పవుతాడా అని ఆయన బాధ. వాటికన్ అబ్జర్వేటరీ డైరెక్టర్‌ని కలుపుకుని ఆ మాట పోప్ చెవిన వేయించాడు. మరుసటి ఏడాది ఖగోళ శాస్త్రవేత్తల సభలో పోప్ మాట్లాడినప్పుడు ఆ ప్రస్తావన రాలేదు.

“పైవాడికి ఎదురుచెప్పి మరీ కారణం గడిలోంచి దేవుడి పేరు తీయించాడయ్యా. నమ్మకం లేకనా?”

పెద్దాయన అంతసేపు మాట్లాడడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. బహుశా ఆయనకీ ఆ రాత్రి టెన్షన్‌గానే ఉండి ఉంటుంది.

పన్నెండయింది. భాయ్ పెదాలు కదులుతున్నాయి. మేడమ్ చేతులు ఒళ్ళో కట్టుకుని కూర్చుంది. పెద్దాయన కళ్ళు తెరిచే ఉన్నాయి, కన్సోల్ మీద. నేను మొక్కానో లేదో గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు, తప్పించుకోవడానికి చెప్పడం లేదు. గడియారం దాటింది. మెయిన్ సిస్టమ్ బతికే ఉంది. డేటాబేస్ బతికే ఉంది. లింకులన్నీ పచ్చగా ఉన్నాయి. హేతువాది కుర్చీలోంచి లేచి, “మానవ మేధస్సు!” అని చేతులు బార్లా చాచాడు.

పావుగంట తర్వాత ప్రింటర్ గరగరమంది. రోజువారీ రిపోర్టు దానంతటదే ప్రింటయ్యే టైము. నేనే వెళ్ళి కాగితం చింపి తెచ్చాను. పైన తేదీ చూసి ఆగిపోయాను.

01-01-19100.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హేతువాది కాగితం లాక్కుని చూశాడు. మొహం పాలిపోయింది. “దేవుడా!” అన్నాడు.

భాయ్ చాలా మర్యాదగా అడిగాడు: “ఏమన్నావు?”

పెర్ల్‌లో లోకల్‌టైమ్ అని అడిగితే, ఏడాదిని 1900 నుంచి ఎన్నోదో చెబుతుంది. సి భాష నుంచి వచ్చిన పద్ధతి అది. 1999లో 99 అని చెబుతుంది. దాన్ని 1900కి కూడాలి. మావాడు కూడలేదు. ముందు 19 అతికించాడు. 98కి, 99కి అది సరిగ్గానే కనపడింది. 2000లో ఆ అంకె 100 అయింది. 19 పక్కన 100. ఏడాదిన్నరగా పాత కోబాల్ భాష ఫైళ్ళు వెతికి, ముసలి ప్రోగ్రాముల్ని వెక్కిరించిన మనిషి, సొంత స్క్రిప్టు మాత్రం తెరిచి చూడలేదు. కొత్తది కదా, తను రాసింది కదా అని. తన మీద తనకున్న ఆ నమ్మకం గురించి మేడమ్ ఏదో అనబోయి, వాడి మొహం చూసి మానేసింది.

వాడు అక్కడికక్కడే సరిచేశాడు. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగాడు. వెనక్కి తిరిగి, “ఎవరైనా చూడండిరా” అన్నాడు. భాయ్ వెళ్ళి లైను లైనూ చదివి, సరే అన్నాడు.

రిజిస్టర్‌లో కారణం గడి వాడే నింపాడు. ‘నేను కూడలేదు, అతికించాను’ అని ఒక్క ముక్క. పెద్దాయన ఎర్ర పెన్ను బయటికి తీయలేదు. ఆ రిజిస్టర్ మొత్తంలో అంతకంటే మంచి ఎంట్రీ లేదని నా అభిప్రాయం.

ఆ తర్వాత తలో దిక్కూ అయ్యాం. ఇరవై ఏళ్ళలో నేను చాలా గదులు చూశాను. శుక్రవారం సాయంత్రం కొత్త కోడ్ ఎక్కించనివాళ్ళని, ఒకసారి కలిసొచ్చిన చొక్కానే ప్రతి లాంచ్‌కీ వేసుకొచ్చేవాళ్ళని చూశాను. వాళ్ళలో సగంమంది దేవుణ్ణి నమ్మరు. దీన్ని వెక్కిరించడానికి చెప్పడం లేదు. చంద్రుడి కోసం మొదలుపెట్టిన రేంజర్ కార్యక్రమంలో ఆరు నౌకలు వరసగా విఫలమై, 1964లో ఏడోది నెగ్గినప్పుడు, నాసావారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ కంట్రోల్ రూములో ఎవరో వేరుశనగలు పంచారట. అప్పటి నుంచి అక్కడ ముఖ్యమైన ఘట్టాలకి వేరుశనగల సీసా ఉండాల్సిందే. అంగారకుడి మీద బండి దింపేవాళ్ళే వాళ్ళు. పల్లీలు లేకపోతే దిగదని వాళ్ళలో ఎవరూ అనుకోరు. అయినా సీసా తెస్తారు.

నా సంగతి అడిగితే, ఇప్పటికీ పెద్ద మార్పు ఎక్కించేటప్పుడు ఎంటర్ మీద వేలు పెట్టి ఒక క్షణం ఆగుతాను. ఇదివరకటి అంతమంది దేవుళ్ళు రారు. కొన్నిసార్లు ఎవరూ రారు. ఆగడం మాత్రం అలవాటైపోయింది. పోయిన ఏడాది టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రిపోర్టులో ‘దేవుడి దయ వల్ల కస్టమర్ డేటాకి ఏమీ కాలేదు’ అని రాసింది. కొట్టేసే ముందు ఒక పూటంతా అలాగే ఉంచుకున్నాను.

ఐదుగురికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఏడాదంతా మూగగా పడుంటుంది. జనవరి 1న పన్నెండు దాటగానే హేతువాది దాంట్లో శుభాకాంక్షలు పెడతాడు, తన క్యాలెండర్ ప్రకారం. ఈ ఏడు కూడా పెట్టాడు: “అందరికీ 19126 శుభాకాంక్షలు.” భాయ్ ఆమీన్ అన్నాడు. మేడమ్ పాత పాటలో ఒక ముక్క పాడి వాయిస్ మెసేజ్ పెట్టింది. నేను దండం బొమ్మ పెట్టాను.

పెద్దాయన తెల్లవారుజామున లేస్తాడు కాబట్టి ఆయన జవాబు ఎప్పుడూ ఆఖరున వస్తుంది. ప్రతి ఏడాదీ అదే.

“కారణం రాశావా?”